కొండ పువ్వుకి తడి పడదు

జయనగర్, బెంగళూరు
సెప్టెంబరు 18

ఒరేయ్ శీనూ,

నీ డయాంథస్ మొక్కల ఫొటోలు చూశాను. రెండు కుండీలు పోయాయి, మూడోది వాలిపోయింది. పైగా “రోజూ నీళ్లు పోస్తున్నా ఎండిపోతోంది” అని రాశావు. అది ఎండిపోవడం కాదురా, మునిగిపోవడం. మట్టిలోకి వేలు దింపి చూడు. లోపల తడి ఉండగానే ఆకులు వాలాయంటే వేళ్లు కుళ్లాయన్నమాట. ఆ స్థితిలో ఇంకో చెంబుడు నీళ్లు పోయడమంటే తులసి తీర్థం పోసినట్టే. మొదలు దగ్గర రెండు వేళ్లతో నొక్కు. మెత్తగా, గోధుమరంగులో ఉండి పైతొక్క జారిపోతే ఇక ఆశ లేదు, తీసి పారెయ్. గట్టిగా, పచ్చగా ఉంటే మాత్రం ఈ ఉత్తరం చివర రాసినట్టు కొసలు తుంచి కొత్త మొక్కలు కట్టుకోవచ్చు.

ముందు నువ్వు మనసు పడ్డ మొక్క సంగతి. నచ్చిందని నువ్వు పంపిన ఆ కొండ ఫొటోలో సున్నపురాళ్ల సందులో పచ్చటి దిండులా పరుచుకుని, ఆకులు కనపడనంతగా పూసినది డయాంథస్ ఆల్పైనస్. తూర్పు ఆల్ప్స్ కొండలది. దాన్ని ఇక్కడ బతికించడం ఏటికి ఎదురీదడమే. మన నర్సరీల్లో చలికాలంలో పువ్వులతో సహా అమ్మేది ఎక్కువగా డయాంథస్ చైనెన్సిస్, లేదా దాని సంకరాలు. ఒక్క సీజన్‌కి అది ముచ్చటగానే ఉంటుంది, ఆ తర్వాత దాని నుంచి పెద్దగా ఆశించకు. నేను చెప్పేది మూడోదాని గురించి, డయాంథస్ డెల్టాయిడెస్. జానెడు ఎత్తు కూడా లేవదు, నేలకి అంటుకుని చాపలా పాకుతుంది, అర అంగుళం పైచిలుకు పువ్వులు వందల కొద్దీ వేస్తుంది. రాళ్ల తోటలవాళ్లు దీన్ని కొండ మొక్కల పక్కనే పెడతారు, సాకడం కూడా అలాగే సాకాలి. అన్నట్టు, ‘పింక్’ అనే రంగు పేరు ఈ జాతి పువ్వుల నుంచే వచ్చింది. ఆన్‌లైన్లో ఆకాశనీలం డయాంథస్ విత్తనాలని అమ్ముతుంటారే, వాటికి డబ్బు తగలెయ్యకు. ఈ జాతికి సహజంగా అచ్చమైన నీలం రాదు.

ఆల్పైనస్ వద్దన్నది పగటి ఎండకి భయపడి కాదు, రాత్రి వేడికి. పగలు వండుకున్నదాన్ని మొక్క రాత్రి కొంత తింటుంది. రాత్రి చల్లగా ఉంటే తక్కువ తిని మిగుల్చుకుంటుంది, వెచ్చగా ఉంటే ఎక్కువ తినేస్తుంది. కొండల మీద వేసవిలో కూడా రాత్రిపూట చలి వేస్తుంది. మన ఊరు 900 మీటర్ల ఎత్తున ఉన్నా ఏప్రిల్ రాత్రుళ్లు 21, 22 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. పైగా ఈ జాతుల్లో చాలావాటికి మొగ్గ తొడగాలంటే వారాల తరబడి గట్టి చలి తగలాలి. మన జనవరి రాత్రి 15 డిగ్రీలు దానికి ఏ మూలకీ చాలదు. అందుకే డెల్టాయిడెస్‌లో కూడా విత్తిన ఏడాదే, చలితో పని లేకుండా పూసే రకాలుంటాయి, అవే తీసుకో. ప్యాకెట్ మీద ఆ ముక్క లేకపోతే కొనకు. లేదంటే పచ్చగా పాకుతూనే ఉంటుంది, పువ్వు మాత్రం కనపడదు.

ఇక కుండీలో వేసే మిశ్రమం. అసలు పనంతా ఇక్కడే ఉంది, తొందరపడకు.

పది అంగుళాల మట్టి కుండీకి సుమారు 8 లీటర్లు కావాలి. అందులో 4 లీటర్లు గరుకు ఇసుక, 2 లీటర్లు ఎర్రమట్టి, 1 లీటరు బాగా మాగిన ఆకుల ఎరువు, 1 లీటరు సున్నపురాయి చిప్స్. ఏటి ఇసుక కోసం తిరగకు, ఎం-శాండ్ చాలు. అయితే కాంక్రీటుకి వాడేదే అడుగు, గోడల పూతకి వాడే పి-శాండ్ మరీ సన్నం. ఎం-శాండ్ గ్రానైటుని పిండికొట్టి చేసేది కాబట్టి నిండా దుమ్ము ఉంటుంది. ఆ దుమ్ము తడిసి ఆరితే సిమెంటులా బిగుస్తుంది. బకెట్లో వేసి నీళ్లు పోసి చేత్తో కలియతిప్పు, బూడిదరంగు నీళ్లు వంపెయ్. నీళ్లు తేటగా వచ్చేదాకా నాలుగైదుసార్లు చెయ్యాలి. ఆరాక టీ వడగట్టులో వేసి ఆడించు, కిందికి జారిందంతా అవతల పోసెయ్, పైన మిగిలిందే మనది. సగం పైనే పోతుంది, కాబట్టి పది లీటర్లు తెచ్చుకో.

సున్నపురాయి ఎక్కడ దొరుకుతుందని అడుగుతావు. నీ వంటింటి అరల్లో ఉన్న కడప బండే సున్నపురాయిరా! బండలు కోసే దుకాణంలో ముక్కలు ఊరికే ఇస్తారు. గోనెసంచిలో చుట్టి, కళ్లకి అద్దాలు పెట్టుకుని సుత్తితో బఠాణీ గింజంత చేసుకో. అది కడప రాయా, నల్ల గ్రానైటా అని అనుమానం వస్తే మేకుతో గీకి, ఆ పొడి మీద నాలుగు చుక్కలు వెనిగర్ వెయ్యి. సన్నగా నురగ లేస్తే సున్నపురాయి, ఉలుకూ పలుకూ లేకపోతే గ్రానైటు. మన ఎర్రమట్టి ఎక్కువచోట్ల కాస్త పులుపు వైపుంటుంది, డయాంథస్‌కేమో సమంగానో కొంచెం సున్నం వైపో ఉంటే ఇష్టం. రాయి నెమ్మదిగా కరుగుతూ ఆ పని చేసిపెడుతుంది. తాంబూలంలో వేసే సున్నం మాత్రం కలపకు, ఘాటుకి వేళ్లు కాలతాయి.

కోకోపీట్, అదే కొబ్బరిపీచు పొట్టు, చెంచాడు కూడా వద్దు. నీ మొక్కల్ని చంపింది సగం అదే. నర్సరీలో గుప్పెడు కోకోపీట్ ముద్దలో పెంచి ఇస్తారు, మనం ఆ ముద్దతో సహా మట్టిలో పాతేస్తాం. చుట్టూ మట్టి ఆరినా ఆ ముద్ద స్పాంజిలా తడి పట్టుకుని సరిగ్గా మొదలు దగ్గరే కూర్చుంటుంది. ఈసారి కొన్న మొక్కని అరగంట నీళ్లలో నాననిచ్చి, పాత టూత్‌బ్రష్‌తో కోకోపీట్‌ని నెమ్మదిగా రాలగొట్టు. సన్న వేళ్లు కొన్ని తెగినా ఫరవాలేదు. నాటాక నాలుగు రోజులు నీడలో ఉంచు.

కుండీ అడుగున కంకర పరిస్తే నీళ్లు బాగా దిగుతాయని అందరూ చెప్తారు. నమ్మకు. వంటింటి స్పాంజి నిండా తడిపి అరచేతిలో బల్లపరుపుగా పట్టుకో. కారడం ఆగాక దాన్ని నిలువుగా తిప్పు, మళ్లీ బొటబొటా కారుతుంది. స్పాంజి మారలేదు, ఎత్తు మారిందంతే. మట్టి కూడా అడుగున కొన్ని అంగుళాల మేర ఎప్పుడూ తడి పట్టుకునే ఉంటుంది. కింద కంకర పోస్తే ఆ తడి పట్టీ పైకి జరిగి వేళ్లకి ఇంకా దగ్గరవుతుంది. కాబట్టి లోతైన కుండీ తీసుకో, అడుగు నుంచీ అదే మిశ్రమం నింపు, కన్నం మీద చిన్న జాలీ ముక్క వేస్తే సరి. రంగు వెయ్యని మట్టి కుండీ అయితే పక్కల నుంచి కూడా ఆరుతుంది. పాటరీ టౌన్ వైపు వెళ్తే ఒకేసారి నాలుగు తెచ్చుకో. నాటాక మొదలు చుట్టూ రెండు సెంటీమీటర్ల మందాన కడప చిప్స్ పరుచు. ఆకులు తడి మట్టికి తగలకుండా రాయి మీద ఆనుకుంటాయి. ఈ ఒక్క పనితోనే మొదలు కుళ్లు చాలావరకు తప్పుతుంది.

విత్తడానికి అక్టోబరు మొదటివారం మంచిది. వెడల్పు ట్రేలో ఇదే మిశ్రమాన్ని కాస్త సన్నగా జల్లించి వేసుకో, తడిపాక విత్తనాలు చల్లి పైన పలచగా ఇసుక దులుపు. వాన పడని చోట, మంచి వెలుతురులో పెట్టు. వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తాయి. ఒత్తుగా మొలిస్తే జాలిపడకుండా పలచన చెయ్యి, లేకపోతే నారుకుళ్లు ఒక్క రాత్రిలో ట్రే అంతా ఊడుస్తుంది. మూడు జతల ఆకులు వచ్చాక చిన్న కుండీలకి, నవంబరు చివర పెద్ద కుండీకి. ఒక్కో కుండీకి మూడే మొక్కలు. అన్నీ కుదిరితే ఫిబ్రవరి దరిదాపుల్లో పూత మొదలవుతుంది.

నీళ్లు ఉదయమే, పైన రెండు అంగుళాలు ఆరాక, కన్నం నుంచి కారేదాకా ఒకేసారి పొయ్యి. రోజూ గ్లాసుడు చిలకరించే అలవాటు మానెయ్. కావేరి నీళ్లైనా సరే, బోరు నీళ్లైనా సరే, బోరులో ఉండే సున్నం దీనికి చుట్టమే. మీ మారతహళ్లి అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌నర్ ప్లాంటుంటే మాత్రం ఆ కుళాయి నీళ్లు వద్దు. ఆ ప్లాంటు నీళ్లలోని సున్నాన్ని తీసేసి సోడియం కలుపుతుంది. సాఫ్ట్‌నర్‌కి ముందున్న కుళాయి ఎక్కడుందో వాచ్‌మన్‌ని అడుగు.

నీ బాల్కనీ తూర్పు వైపుది కావడం అదృష్టం. పొద్దున ఐదు గంటల ఎండ తగిలి, ఏప్రిల్, మే మధ్యాహ్నాలు నీడ పడుతుంది. గాలి మాత్రం ఆడాలి, కుండీల్ని గోడకి ఆనించి ఇరికించకు. వానలు మొదలయ్యేసరికి కుండీలకి జానెడున్నర పైన ఏటవాలుగా పాలికార్బొనేట్ షీటు కట్టు, పక్కలు నాలుగూ తెరిచే ఉంచు. మన దగ్గర జూన్ వానకంటే సెప్టెంబరు, అక్టోబరు వానలే గట్టివి, అప్పటిదాకా బతికిందని మురిసి షీటు తీసెయ్యకు.

ఎరువు విషయంలో పిసినారిగా ఉండు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే 19:19:19 లీటరు నీళ్లకి ఒక గ్రాము, మూడు వారాలకోసారి. మొగ్గ కనపడ్డాక పొటాష్ ఎక్కువుండే 13:0:45 అదే మోతాదులో రెండుసార్లు. యూరియా, పచ్చి పేడ తగిలితే కాడలు పొడుగ్గా సాగి మధ్యలోకి విచ్చుకుపోతాయి. మార్చి నుంచి ఎర్రనల్లి వస్తుంది. ఆకుల మీద సన్నని పసుపు చుక్కలు కనిపిస్తే తెల్లకాగితం కింద పెట్టి కొమ్మ తట్టు, రాలిన చుక్కలు నడిస్తే అదే. రెండు రోజులు ఆకుల అడుగుకి నీళ్లు గట్టిగా కొట్టు. తగ్గకపోతే వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బుతో, సాయంత్రం. గంధకం కొట్టాలనిపిస్తే వేపనూనె తర్వాత రెండు వారాలు ఆగు, ఎండ 32 డిగ్రీలు దాటినప్పుడు అసలు వద్దు. చాపలో ఒక పక్కే వాలి, ఆ కాడ కోస్తే లోపల గోధుమ చార కనపడితే అది ఎండు తెగులు, మందు వెతక్కుండా మట్టితో సహా సంచిలో కట్టి పారెయ్.

మొదటి పూత అయ్యాక కత్తెరతో మూడోవంతు కత్తిరించు, ఆకులున్న మేరకే, ఉత్త కాడలోకి దిగకు. అప్పుడే కొసలు కూడా కట్టుకో. పూతలేని కొసని 5 నుంచి 7 సెంటీమీటర్లు, ఉబ్బిన కణుపుకి కాస్త కింద కొయ్యి, కింది రెండు జతల ఆకులు గిల్లేసి తడి ఇసుకలో గుచ్చి నీడలో పెట్టు. హార్మోన్ పొడి అక్కర్లేదు. మూడు నాలుగు వారాల్లో మెల్లగా లాగితే పట్టు తెలుస్తుంది. ఏటా ఇలా అరడజను కట్టుకుంటూ ఉండు. ఎంత బాగా చూసినా రెండు మూడేళ్లకి చాప నడుమ బట్టతల వస్తుంది, దానికి ఎరువులు పోసి లాభం లేదు, పిల్లమొక్కతో మార్చడమే.

చచ్చిన కుండీల మట్టి కొత్తదాంట్లో కలపకు, ఆ కుండీల్ని కూడా కడిగి రెండు రోజులు ఎండలో బోర్లించు. ఇసుక కడిగి జల్లించాక గుప్పెడు అరచేతిలో పెట్టుకుని ఫొటో తీసి పంపు, చూసి సరేనంటేనే కలుపు.

ఇట్లు,
నీ రాంబాబు