బాటలకు ఉన్న పేర్లే ఉంచండి

సంపాదకులకు నమస్కారం.

మౌలాలి దగ్గర మా కాలనీ ఖాళీ జాగాలో గుండ్లు, వేపచెట్లు, ఒక పాత బావి, వాటి మధ్య కాలిబాటలు ఉన్నాయి. ఇప్పుడు ఆ బాటలకు పేర్లు పెట్టి బోర్డులు వేస్తామంటున్నారు. సంతోషమే. కానీ 'ట్రైల్ 1, ట్రైల్ 2' అనో, లేకపోతే చందా ఇచ్చినవాళ్ల పేర్లో పెడతారని వింటుంటే మనసు ఒప్పడం లేదు.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం మా పక్కింటి అంకుల్ తడిబండ మీద జారి పడ్డారు. చీలమండ విరిగింది. 108కి ఫోన్ చేసింది నేనే. "ఎక్కడమ్మా, ల్యాండ్‌మార్క్ చెప్పండి" అంటే, టెన్షన్‌లో "లోపల, పెద్ద బండ దగ్గర" అన్నాను. అక్కడ ఏది చూసినా పెద్ద బండే! వాచ్‌మన్ ముందు గేటు దగ్గర నిలబడితే అంబులెన్స్ వెనక గేటుకు పోయింది. చీకటి పడుతోంది, వాన సన్నగా కురుస్తోంది, ఆయన నా చెయ్యి వదల్లేదు.

నిజానికి ఆ చోటుకు పేరుంది. పాతవాళ్లు దాన్ని 'బర్రె బండ' అంటారు, పడుకున్న బర్రెలా ఉంటుంది కాబట్టి. కిందికి దిగేది 'ఈతవనం దారి'. ఒకప్పుడు కల్లు కుండలతో గౌడలు నడిచిన దారట అది. ఇప్పుడు రెండే ఈతచెట్లు మిగిలాయి. మాసాబ్ ట్యాంక్‌లో చెరువు ఎప్పుడో పోయింది, అక్కడ నీళ్లుండేవని చెప్పడానికి పేరొక్కటే మిగిలింది. మా ఈతచెట్లు కూడా పోతే పిల్లలకు ఏం చూపించి చెప్పాలి?

అందుకే ఆ పేర్లే రాయించండి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడింట్లో, పెద్దవాళ్లకు కళ్లజోడు లేకుండా కనిపించేంత పెద్ద అక్షరాల్లో. బాట చీలిన ప్రతిచోటా ఒక స్తంభం, దానికో నంబరు ఉండాలి. ఫోన్‌లో ఆ నంబరు చెబితే చాలు, మనిషి ఎక్కడున్నదీ తెలియాలి. ఏ గేటుకు ఎంత దూరం, వానకు ఏ బాట జారుతుంది అన్నవి కూడా రాయాలి. మ్యాప్ గేట్ల దగ్గరుంటే సరిపోతుంది.

ఇంకో మాట. వేపచెట్లకు మేకులు కొట్టవద్దు. బండల మీద పెయింట్‌తో బాణాలు గీయవద్దు. దక్కన్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. దాని మీద మన డబ్బా రంగు ఎందుకు?

నాలుగు ఆదివారాలుగా మేం కొందరం పాతవాళ్లను వెంటబెట్టుకుని నడుస్తూ పేర్లన్నీ ఒక నోటుబుక్కులో రాస్తున్నాం. పదకొండు దొరికాయి. బావి దగ్గరి మలుపుకు రెండు పేర్లు చెబుతున్నారు, అది ఇంకా తేలలేదు. బోర్డులకు ఆర్డరిచ్చే ముందు సంబంధిత అధికారులు, కాలనీ పెద్దలు ఒక్కసారి ఆ పుస్తకం తెరిచి చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, మౌలాలి, హైదరాబాద్