నాయనకు, ఈగల గురించి

లివర్‌పూల్,
జూన్ నెల

నాయనా,

మేమంతా బాగున్నాం. చిత్తూరు దారిలో తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరాయని తమ్ముడు చెప్పాడు. ఇంటి నిండా ఈగలు ముసురుతున్నాయని అమ్మ అంది. నువ్వేమో "గొడ్లున్న ఇంట్లో ఈగలుండవా, దానికేం" అన్నావు. రోజంతా నా పని ఈగలతోనే కదా, ఆ మాట నా మనసులోంచి పోలేదు. ఫోనులో హడావుడిగా చెప్పే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

మా ల్యాబ్‌లో ఈగల్ని మేమే పెంచుతాం. పురుగుగా ఉన్నన్నాళ్లు తడిపిన తవుడులో ఉంటాయి. రెక్కలొచ్చాక వల బిగించిన పెట్టెల్లో చక్కెర, పాలపొడి, నీళ్లు పెడతాం. కొన్నింటికి బ్యాక్టీరియా కలిపిన పాలు, కొన్నింటికి మామూలు పాలు. ఆ బ్యాక్టీరియాలో జెల్లీ చేప జన్యువు ఒకటి చేర్చి ఉంటుంది కాబట్టి నీలి కాంతి కింద పచ్చగా మెరుస్తుంది. ఈగ ఒంటి మీద ముందునుంచీ ఉన్న వేరే క్రిములేవో, మేం తాగించినదేదో అలా తేల్చుకుంటాం. తర్వాత ఈగను అగర్, అంటే క్రిములు పెరగడానికి వాడే జెల్లీలాంటి పదార్థం, పోసిన పళ్లెం మీద కాసేపు నడవనిస్తాం. ఆ పళ్లెం మూతపెట్టి 37 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచితే, పొద్దునకి అది అడుగులేసిన చోటల్లా చుక్కలు లేచి ఉంటాయి. కంటికి ఆనని క్రిములు అట్లా వరసగా బయటపడటం ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అయితే దాని కాళ్లకంటే కడుపే నన్ను ఎక్కువ భయపెడుతుంది. ఈగను ఉప్పునీటిలో ఊపి కడిగితే ఒంటి మీదున్న క్రిములు లెక్కకొస్తాయి. ఆపైన పైభాగాన్ని ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, పేగు తీసి నూరితే లోపలివి తెలుస్తాయి. ఒంటి మీదివి ఆరిపోయి చాలావరకు కొన్ని గంటల్లో చచ్చిపోతాయి. కడుపులోవి రోజు దాటినా బతికుంటాయి. ఈగకు నమిలే పళ్లు లేవు. గట్టి పదార్థం దొరికితే కడుపులోని ద్రవాన్ని దాని మీద కక్కి, కరిగించి, స్పంజిలాంటి మూతితో పీల్చుకుంటుంది. పేడ మీద తాగింది తెచ్చి బెల్లం మీద కక్కుతుంది. అక్కడే రెట్ట కూడా వేస్తుంది.

ల్యాబ్‌లో మోయగలదని తేలినంత మాత్రాన ఊళ్లో జబ్బు దానివల్లే వచ్చిందని చెప్పలేం. అది బయటే చూడాలి. 1898లో అమెరికా, స్పెయిన్ యుద్ధమప్పుడు అమెరికా సైనిక శిబిరాల్లో టైఫాయిడ్ చెలరేగింది. సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్ బృందం విచారణకు వెళ్తే, దొడ్డిగుంటల్లో చల్లిన సున్నం కాళ్లకు అంటుకున్న ఈగలు భోజనాల మీద తిరుగుతూ కనిపించాయి. పాకిస్తాన్ పల్లెల్లో ఈగల మందు కొట్టి చూసిన పరిశోధన 1999లో అచ్చయింది. మందు కొట్టిన ఊళ్లలో చిన్నపిల్లల విరేచనాలు 23 శాతం తగ్గాయి. నీళ్ల నుంచి, చేతుల నుంచి వచ్చేది ఇంకా ఉంది, నిజమే. కానీ పసిపిల్లల విషయంలో ఆ 23 శాతాన్ని నేను చిన్నదిగా చూడలేను.

రక్తవిరేచనాలు తెచ్చే షిగెల్లా పది నుంచి వంద క్రిములు లోపలికి పోయినా చాలు. వేరే చాలా జబ్బులకు అంతకన్నా ఎన్నో రెట్లు కావాలి. ఆ ఎన్నో రెట్లు మన వంటింట్లోనే తయారవుతాయి. క్రిమి 20 నిమిషాలకొకసారి రెట్టింపయితే ఏడు గంటల్లో ఒక్కటి 20 లక్షలు దాటుతుంది. తమ్ముడి బిడ్డకు కలిపిన పాలు పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా అట్లే ఉంచొద్దని అమ్మకు చెప్పు. తిరుపతిలో అక్కావాళ్ల టిఫిన్ బండి మీద కొబ్బరి చట్నీ సంగతీ అంతే, కొంచెం కొంచెంగా రుబ్బుకుని మూత వేసుకోమను. సలసల కాగే సాంబారు గురించి నాకంత బెంగ లేదు.

అసలు పని మన దిబ్బ దగ్గర ఉంది. ఆడ ఈగ ఒక్క విడతలో వందకు పైగా గుడ్లు పెట్టగలదు. మన ఎండలకు గుడ్డు ఒక్క రోజులోనే పగిలి, ఏడు నుంచి పది రోజుల్లో రెక్కల ఈగ బయటికొస్తుంది. కాబట్టి కొట్టంలో పేడను వారానికి రెండుసార్లయినా పూర్తిగా తీసి పల్చగా ఎండబెట్టించు. తడి లేకపోతే పురుగు బతకదు. మామిడి టెంకలు, తొక్కలు కూడా గుట్టగా పోయనీకు. దిబ్బను దూరం జరిపితే చాలనుకోకు, ఈగ కిలోమీటర్ల దూరం ఎగరగలదు. పక్కనే పెద్దనాయనావాళ్ల దిబ్బ అట్లే ఉంటే మన కష్టం సగమే ఫలిస్తుంది, ఆయనతోనూ ఒక మాట చెప్పు.

గోబర్ గ్యాస్ తొట్టి కట్టించుకుంటే పేడ రోజూ అందులోకే పోతుంది. అమ్మకు పొయ్యికి గ్యాస్ వస్తుంది, నీకు చేనికి ఎరువూ మిగులుతుంది. మేస్త్రీని పిలిపించి ఎంతవుతుందో కనుక్కో. డబ్బు నేను పంపుతాను.

నీ చిన్నకూతురు