యంత్రం ఇచ్చాక బాధ్యత ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ వైద్య సేవల కింద వినికిడి యంత్రాలు ఉచితంగా ఇచ్చారన్న వార్తల్లో ఎన్ని పంచారన్న లెక్క ఉంటుంది తప్ప, వాటిలో ఎన్ని ఇంకా వాడుకలో ఉన్నాయన్న లెక్క ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం, పునరావాస సేవలు అవసరమయ్యేంత వినికిడి లోపం ఉన్నవారు ప్రపంచంలో 43 కోట్ల మంది. యంత్రం అవసరమైనవారిలో ఐదో వంతు మందికి కూడా అది అందడం లేదు. అందినవారిలోనూ చాలామంది దాన్ని తీసి సొరుగులో పెట్టేస్తున్నారు.

"ఎంత చెప్పినా పెట్టుకోరండీ" అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు గానీ, లోపం చాలాసార్లు ఒక చిన్న ప్లాస్టిక్ ట్యూబులో ఉంటుంది. చెవి వెనుక తగిలించుకునే యంత్రం నుంచి చెవి ఆకారానికి తగ్గట్టు చేసి చెవిలో పెట్టే అచ్చుకు శబ్దాన్ని చేరవేసే ఆ ట్యూబు కొన్ని నెలలకే పసుపుబారి గట్టిపడుతుంది. దానిలో తేమ బొట్టుగా నిలిచినా, అచ్చు రంధ్రానికి గులిమి అడ్డుపడినా మాట అందదు. అచ్చు వదులైతే బయటికి పొక్కిన శబ్దం తిరిగి మైకులోకి చేరి ఈల మొదలవుతుంది. ఆ ఈల భరించలేక శబ్దం తగ్గిస్తారు, తగ్గిస్తే మాట వినపడదు, వినపడని యంత్రం ఎందుకని తీసేస్తారు. ట్యూబు మార్చడం శిక్షణ ఉన్న సిబ్బందికి కొద్ది నిమిషాల పని, కానీ ఆ సిబ్బంది ఎక్కడ దొరుకుతారో రోగికి చెప్పేవారుండరు.

బ్యాటరీల సంగతీ అంతే. చాలా యంత్రాల్లో వాడే జింక్-ఎయిర్ బ్యాటరీకి స్టిక్కరు తీయగానే గాలి సోకి, వాడినా వాడకపోయినా శక్తి తరుగుతూ ఉంటుంది; రోజంతా వాడితే సాధారణంగా ఒకటి, రెండు వారాల్లోనే అయిపోతుంది. బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ యంత్రంతో పాటు బ్యాటరీలను, మరమ్మతులను కూడా ఉచితంగానే అందిస్తుంది. అక్కడా నిరీక్షణ తప్పదు, అయినా ఇచ్చిన యంత్రం పనిచేసేలా చూడడం కూడా వైద్యంలో భాగమేనన్న అవగాహన అక్కడ ఉంది. ఎక్కడైనా సరే, యంత్రాల కొనుగోలుకు నిధులు కేటాయించేటప్పుడే ట్యూబులకు, అచ్చులకు, బ్యాటరీలకు వేరే పద్దు పెట్టాలి. చాలాకాలంగా వినని శబ్దాలకు మెదడు అలవాటుపడడానికి వారాలు పడుతుంది కనుక, అమర్చిన కొన్నాళ్లకు మళ్లీ పిలిచి శబ్దాన్ని సరిచేయడానికి ఆడియాలజిస్టుకు (వినికిడి పరీక్షించి యంత్రం అమర్చే నిపుణుడికి) తగిన సమయమూ ఇవ్వాలి.

చివరిగా మరొక్క మాట. చెవి పరీక్షల విభాగానికి వచ్చినవారిని కూడా పేరు పెట్టి కేకవేసి పిలిచే ఆస్పత్రులున్నాయి. తన పేరు వినపడక వరుస తప్పిపోయిన మనిషి అటెండరుతో చీవాట్లు తినాల్సి వస్తుంది. అపాయింట్‌మెంటు కావాలంటే ఫోన్ చేయమంటారు. వరుస సంఖ్య కనిపించే బోర్డు పెట్టడానికీ, మెసేజ్ ద్వారా సమయం తీసుకునే వీలు కల్పించడానికీ కొత్త పథకమేదీ అక్కరలేదు, ఆస్పత్రి అధికారులు ఈ వారమే ఆ పని మొదలుపెట్టవచ్చు.

– ఒక పాఠకుడు