నార్‌ఫోక్ – మయామీ: లోపలి కాలువా, బయటి సముద్రమా?

అన్నలూ, అమెరికా తూర్పు తీరంలో నార్‌ఫోక్ నుంచి మయామీకి తెరచాప పడవలో తీరం వెంట లోపలి కాలువలో పోవాలా, బయటి సముద్రంలోనా అన్నది నిన్న సాగర్ చెరువు కట్ట మీద తేలని సంగతి. లోపలి దారిలో కదలని వంతెనల కింద ఎత్తు చాలావరకు 65 అడుగులే, మయామీలో ఒకటైతే 56. అందుకే ముందు మాస్ట్ (తెరచాప కొయ్య) ఎత్తు నీటి మట్టం నుంచి కొలవండి, కొసనున్న యాంటెనాతో సహా. మామూలు పోటుకి మించి నీళ్లుంటే ఆ 65 కూడా దక్కదు. పైగా ఎక్కువసేపు ఇంజనే నడవాలి, తెరచాప మోజు తీరదు.

బయటైతే రాత్రీపగలూ పోవచ్చు. కానీ నార్త్ కరోలినాలోని హటెరాస్ అగ్రం దగ్గర గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం ఉత్తరానికి పారుతుంది. దానికి ఎదురుగా ఉత్తరపు గాలి లేచిందా, అలలు గోడల్లా నిలబడతాయి. సాగర్ చెరువులో గాలివానకే బిక్కచచ్చిపోయేవాళ్లం మనం!

నా మాట: నార్త్ కరోలినాలోని బోఫోర్ట్ రేవు దాకా లోపలే పోదాం. హటెరాస్ తప్పుతుంది. అక్కడ వాతావరణం చూసి సముద్రంలోకి దిగుదాం. కాదనేవాళ్లు రాత్రిలోపు చెప్పండి, టికెట్లు తీయాలి.