మావాడి ట్రంపెట్ వెనకున్న వాళ్ళందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా పెద్దవాడికి ఇక్కడ న్యూజెర్సీలోనే ఒక కాలేజీలో జాజ్ ట్రంపెట్ కోర్సులో సీటు వచ్చింది. ఫోన్ చేసి అభినందించిన వాళ్ళకి విడిగా థాంక్స్ చెప్పాను. అయితే ఈ సీటు వెనక ఎవరెవరు నిలబడ్డారో అందరికీ తెలియాలి, అందుకే ఈ పోస్టు. కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి.

ముందుగా మాస్టారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి మాస్టారనే అంటాను. వయసులో ఉన్నప్పుడు బిగ్ బ్యాండ్‌లలో ట్రంపెట్ వాయిస్తూ బస్సుల్లో ఊరూరూ తిరిగిన మనిషి. బిగ్ బ్యాండ్ అంటే తెలియని వాళ్ళ కోసం: ఐదు శాక్సఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, మూడో నాలుగో ట్రాంబోన్లు, వెనక పియానో, బేస్, డ్రమ్స్, ఒక్కోసారి గిటార్. అంతమంది కలిసి ఒకే చోట ఊపిరి తీసుకోవాలి, ఒకే చోట ఆపాలి. అలా ఏళ్ళ తరబడి వాయించాక ఆయన కాలేజీలో పాఠాలు చెప్పడానికి కుదురుకున్నారు, అక్కడే రిటైరయ్యారు. మావాడి స్కూల్ బ్యాండ్ టీచర్ ఒకప్పుడు ఆ కాలేజీలో ఆయన దగ్గర చదువుకున్నారు. ఆ టీచరే చొరవ తీసుకుని మాస్టారికి ఫోన్ చేసి మావాడి సంగతి చెప్పారు.

అప్పటికి మావాడి పరిస్థితి ఏమీ బాగాలేదు. ఆడిషన్ల (కాలేజీ సీటు కోసం వాయించి చూపించే పరీక్షల) కోసం డబ్బు కట్టి ఆన్‌లైన్‌లో ఒక కోచ్‌ని పెట్టుకున్నాం. పై స్వరాలు పలకాలంటే మౌత్‌పీస్ (ట్రంపెట్‌కి పెదవి ఆనించి ఊదే చిన్న ముక్క) ఇంకా గట్టిగా పెదవికేసి నొక్కమన్నాడు. వీడు చెప్పింది చెప్పినట్టు చేశాడు. పై పెదవి వాచిపోయి, కాసేపు వాయిస్తే చాలు తిమ్మిరెక్కిపోయేది. ఆడిషన్లు దగ్గర పడుతున్నాయని ఇంట్లో అందరికీ టెన్షన్. వాడైతే అన్నం దగ్గర కూడా మాట్లాడటం మానేశాడు.

మాస్టారు వాడి పెదవి చూసి, ట్రంపెట్ పెట్టెలో పెట్టేయమన్నారు. ఆ రోజు పాఠం లేదు. బదులుగా జాజ్ ట్రంపెట్‌లో పెద్ద పేరున్న క్లార్క్ టెర్రీ కథ చెప్పారు. కాలేజీలో పనిచేసే రోజుల్లో క్లార్క్ టెర్రీ వర్క్‌షాపుల్లో కూర్చుని నేర్చుకున్నారట మా మాస్టారు.

క్లార్క్ టెర్రీ 1920లో సెయింట్ లూయిస్‌లో పుట్టారు. పదకొండు మంది పిల్లలున్న పేద ఇల్లు. పదేళ్ళప్పుడు ఆ రోజుల్లో పేరుమోసిన డ్యూక్ ఎల్లింగ్టన్ జాజ్ బ్యాండ్ విని, ట్రంపెట్ కొనే దారి లేక, చెత్తలో దొరికిన తోట గొట్టానికి ఒక గరాటు, ఒక సీసపు పైపు ముక్క తగిలించి ఊదడం మొదలుపెట్టారు. ఆ మోత భరించలేక ఇరుగుపొరుగు వాళ్ళు చందాలేసుకుని 12 డాలర్ల 50 సెంట్లకి తాకట్టు కొట్లో ఒక పాత ట్రంపెట్ కొనిచ్చారు. కాస్త పెద్దయ్యాక ఒక సీనియర్ ట్రంపెట్ వాద్యకారుణ్ణి, కింది స్వరాలు బాగా పలకాలంటే ఏం చేయాలని అడిగితే, అద్దం ముందు కూర్చుని పళ్ళు బిగబట్టి ఎడమ చెవి ఆడించమన్నాడట. పోటీకి వస్తాడని కావాలని తప్పుదారి పట్టించాడు. పాపం, ఈ పిల్లాడు నమ్మి అలాగే సాధన చేశాడు. మోసం తెలిశాక ఒకటే నిర్ణయించుకున్నారు: తనకు ఏదైనా వస్తే, అడిగిన ప్రతి పిల్లాడికీ దాచుకోకుండా చెప్పాలని.

ఈ కథ విన్నాక మావాడి ముఖంలో మార్పు నేను కళ్ళారా చూశాను. అంత గొప్పవాడికి కూడా తప్పుడు పాఠం చెప్పినవాళ్ళు ఉన్నారంటే, తన పెదవి పాడవడం తన చేతగానితనం కాదని వాడికి అర్థమైంది.

ఇంటికొచ్చాక నేనూ కూర్చుని టెర్రీగారి గురించి చదివాను. 1948 నుంచి ఇంకో పేరున్న జాజ్ బ్యాండ్ అయిన కౌంట్ బేసీ బ్యాండ్‌లో, 1951 నుంచి 1959 దాకా ఎల్లింగ్టన్ బ్యాండ్‌లో వాయించారు. బేసీ దగ్గర ఉన్నది యూనివర్సిటీకి ముందు బడి అని, ఎల్లింగ్టన్ దగ్గరిదే అసలు యూనివర్సిటీ అని చెప్పుకునేవారు. 1960లో అమెరికాలోని ఎన్‌బీసీ టీవీలో స్టాఫ్ మ్యుజీషియన్‌గా (జీతం మీద పనిచేసే వాద్యకారుడిగా) చేరిన తొలి నల్లజాతి వాద్యకారుడు ఆయనే. ఒక చేత్తో ట్రంపెట్, ఇంకో చేత్తో ఫ్లూగల్‌హార్న్ (ట్రంపెట్ లాంటిదే, స్వరం కాస్త మెత్తగా ఉంటుంది) పట్టుకుని తనతో తనే సవాలు జవాబు వాయించేవారు. ఇంత పేరున్న మనిషి, తర్వాతి జీవితంలో స్కూళ్ళ చుట్టూ, కాలేజీల చుట్టూ తిరిగారు. మన పక్కనే వేన్ అనే ఊళ్ళో ఉన్న విలియం ప్యాటర్సన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు, ఆయన సంగీత సామగ్రి కూడా ఇప్పుడు అక్కడే భద్రంగా ఉంది. ఇన్నేళ్ళుగా వారం వారం ఆ దారిలో కారులో పోతూ నాకు ఈ సంగతే తెలియదు.

నన్ను బాగా కదిలించింది మాత్రం ఆయన పిల్లలకి పాఠం చెప్పిన తీరు, ఆఖరి రోజుల్లో కూడా. తర్వాత పెద్ద సంగీతకారుడు, నిర్మాత అయిన క్విన్సీ జోన్స్ పదమూడేళ్ళ వయసులో సియాటిల్‌లో వచ్చి అడిగినప్పుడు, రాత్రంతా వాయించి అలసిపోయి ఉన్నా, ఆ పిల్లాడు స్కూలుకి వెళ్ళేలోపు లేచి పాఠం చెప్పారు. దాదాపు అరవై ఏళ్ళ తర్వాత, విలియం ప్యాటర్సన్‌లో చదివిన జస్టిన్ కాఫ్లిన్ అనే కుర్రాడికి కూడా అంతే శ్రద్ధగా చెప్పారు. ఆ అబ్బాయి పియానిస్టు, పదకొండేళ్ళకే చూపు పోయింది. టెర్రీగారికీ షుగర్ వల్ల చూపు తగ్గిపోయింది, కాళ్ళు తీసేశారు. అర్కన్సాలోని పైన్ బ్లఫ్‌లో మంచం మీద పడుకునే, రాత్రి పొద్దుపోయేదాకా నోటితో పాడి పాఠం చెప్పేవారు. ఆ ఇద్దరి మీద తీసిన డాక్యుమెంటరీకి నిర్మాత ఎవరనుకున్నారు, క్విన్సీ జోన్సే. 2015లో, 94 ఏళ్ళ వయసులో టెర్రీగారు పోయారు.

మా మాస్టారి పద్ధతీ అదే. వారాల పాటు ట్రంపెట్ ముట్టనివ్వలేదు. టెర్రీగారు వాయించిన నాలుగు బార్లు (అంటే పాటలో ఒక చిన్న ముక్క) వినిపించేవారు, వీడు నోటితో పాడాలి. ఎక్కడ ఊపిరి తీసుకున్నారో, ఏ స్వరం కాస్త వెనక పడిందో, ఏది నొక్కి పలికిందో అన్నీ నోట్లో రావాలి. తర్వాత మౌత్‌పీస్ ఒక్కటే, అదీ మెల్లగా. పెదవి నెమ్మదించాకే పూర్తి వాయిద్యం. నాలుకకి సాధనగా "డూడుల్ డూడుల్" అని పలికించేవారు. దాన్ని డూడుల్ టంగింగ్ అంటారు. వేగంగా వాయించేటప్పుడు స్వరాలు టకటకా విరిగిపోకుండా జారుతూ రావడానికి టెర్రీగారు వాడిన కిటుకు. రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు ఇది విని, "మృదంగం వాళ్ళు ముందు జతులు నోటితో చెప్పిస్తారే, అచ్చం అలాగే ఉంది" అన్నారు. ఆ సాయంత్రం నుంచి ఆవిడ తాళం వేయడం, వీడు డూడుల్ అనడం. చూడముచ్చటగా ఉండేది.

ఇంత చేసి మాస్టారు ఒక్క డాలర్ తీసుకోలేదు. చెక్కు రాసిస్తే మడిచి మా ఆయన జేబులోనే పెట్టేశారు. మాస్టారూ, మీరు తెలుగు చదవలేరు, మావాడు చదివి వినిపిస్తానన్నాడు. మీ రుణం మాకు తీరేది కాదు.

ఇక మా వదిన, అన్నయ్య. మేముండేది అపార్ట్‌మెంటు. సాయంత్రం ట్రంపెట్ ఊదితే కింది ఇంట్లో పసిబిడ్డ లేచి ఏడ్చేవాడు. నేను ఈ మాట ఏదో పుట్టినరోజు ఫంక్షన్‌లో యథాలాపంగా అన్నానంతే. మర్నాడే వదిన బేస్‌మెంట్ తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టింది. వింటర్ అంతా అక్కడ హీటర్ వేసి ఉంచింది. పైన వాళ్ళమ్మాయి పరీక్షలకి చదువుకుంటున్నా ఒక్కసారి కూడా ఆపమనలేదు. పైగా వీడు వచ్చేసరికి వేడివేడి ఉప్మా. ఊదే పిల్లాడికి ఆకలి ఎక్కువని వాదన. వదినా, అన్నయ్యా, ఇంత ఎవరు చేస్తారు.

స్కూల్ బ్యాండ్ టీచర్‌గారు మాస్టారిని పరిచయం చేయడమే కాదు, బీరువాలో ఉన్న స్కూల్ ఫ్లూగల్‌హార్న్‌ని సంతకం పెట్టించుకుని వేసవిదాకా ఇంటికిచ్చారు. ఆడిషన్ రోజు మా కారు మొరాయిస్తే తెల్లవారకముందే మంచులో వచ్చి తీసుకెళ్ళిన తమ్ముడికీ, స్కాలర్‌షిప్ ఫారాలు దగ్గరుండి నింపించిన అక్కకీ చేతులెత్తి నమస్కారాలు.

ఫీజు బదులు మాస్టారు మావాడి దగ్గర ఒక మాట తీసుకున్నారు. కాలేజీలో చేరేలోపు కొత్తగా నేర్చుకునే పిల్లలకి వీడు పాఠం చెప్పాలి, ఊరికే. శనివారం ఉదయాలు, వదిన వాళ్ళ బేస్‌మెంట్‌లోనే, ఆవిడ కూడా సరేనంది. మీ పిల్లలెవరైనా స్కూల్ బ్యాండ్‌లో ట్రంపెట్ తీసుకుని ఇబ్బంది పడుతుంటే నాకు మెసేజ్ పెట్టండి. మౌత్‌పీస్, ఒక నోట్‌బుక్ పంపితే చాలు. మొదటి వారాల్లో ట్రంపెట్ అక్కర్లేదు, పాడిస్తాడు.