కప్పును మోసేది ప్లాట్‌ఫారమే

అయ్యా,

లండన్‌లోని సెయింట్ పాంక్రస్ స్టేషన్ అనగానే అందరూ ముందున్న ఎర్ర ఇటుకల హోటల్‌నే పొగుడుతారు. నా దృష్టిలో అసలు గొప్పతనం వెనకున్న రైలు షెడ్డుది, అంటే ప్లాట్‌ఫారాలను కప్పే పెద్ద పైకప్పుది. 1868లో ఇంజనీరు విలియం బార్లో సుమారు 240 అడుగుల వెడల్పు కప్పును మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా నిలబెట్టాడు. అంత పెద్ద ఇనుప కమాను పాదాలు బయటికి జారిపోకుండా ప్లాట్‌ఫారం కింది దూలాలే పట్టి ఉంచుతాయి. అందుకే పైన అడ్డకడ్డీలు కనిపించవు. ఆ నేల కింద బీరు పీపాల గోదాము ఉండేది. అక్కడి స్తంభాల మధ్య దూరాన్ని పీపాల కొలతను బట్టే నిర్ణయించారు! 1960ల్లో ఈ స్టేషన్‌ను కూల్చాలనుకుంటే జనం అడ్డుపడ్డారు. 2007 నుంచి, సముద్రం కింది సొరంగం గుండా ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చే యూరోస్టార్ రైళ్లు అక్కడికే వస్తున్నాయి. మన పాత స్టేషన్లను ఆధునికీకరించేటప్పుడు ముఖద్వారాలతో పాటు షెడ్లనూ కాపాడాలని రైల్వే అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విజయవాడ