నాన్న విషయంలో తోడు నిలిచిన అందరికీ థాంక్స్

ఇన్ని రోజులు ఆగింది రిపోర్ట్ వచ్చాకే రాద్దామని. నిన్న వచ్చింది, సీటీడీఎన్ఏ (రక్తంలో క్యాన్సర్ డీఎన్ఏ ముక్కలు ఉన్నాయేమో చూసే టెస్ట్) నెగటివ్. ఫోన్లో చదివి వినిపిస్తుంటే అమ్మ మధ్యలోనే ఏడ్చేసింది.

తెలియని వాళ్ళకోసం చెప్తున్నా, నాన్నకి పెద్దపేగు మూసుకుపోయి అర్ధరాత్రి ఆపరేషన్ చేయాల్సొచ్చింది, బయాప్సీలో క్యాన్సర్, స్టేజ్ 2, లింఫ్ గ్రంథుల్లోకి పాకలేదు. కానీ పేగు మూసుకుపోయి వచ్చిన కేసు కాబట్టి రిస్క్ ఎక్కువ, కీమో ఆలోచించండి అన్నారు డాక్టర్ గారు. అందులో ఒక మందుకి వేళ్ళు తిమ్మిరెక్కుతాయట, కొందరికి ఏళ్ళ తరబడి ఉండిపోతుందట. నాన్న టైలర్. ఆయనకి వేళ్ళే జీవనాధారం. ఇవ్వకపోతే తిరగబెడుతుందేమోనని భయం, ఇస్తే ఇదీ. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

అప్పుడు మెల్‌బోర్న్ నుంచి ఫోన్ చేసిన అక్కా, నీకు ముందు దణ్ణం. గంటన్నర ఓపిగ్గా చెప్పావు. ఎక్కడైనా క్యాన్సర్ కణాలు మిగిలుంటే వాటి డీఎన్ఏ ముక్కలు రక్తంలో దొరుకుతాయని, తీసేసిన గడ్డలో ఉన్న మార్పులేంటో చూసి అవే రక్తంలో వెతుకుతారని. అక్కడే జీన్ టై అనే క్యాన్సర్ డాక్టర్ గారి టీమ్ 2016లో చూపించిన లెక్క నువ్వు చెప్తే నోట్‌బుక్‌లో రాసుకున్నా, స్టేజ్ 2లో కీమో తీసుకోని వాళ్ళలో ఆపరేషన్ తర్వాత పాజిటివ్ వచ్చిన 14 మందిలో 11 మందికి తిరగబెట్టింది, నెగటివ్ వచ్చిన 164 మందిలో 16 మందికి. ఆ 16 కూడా దాచకుండా చెప్పావు చూడు, అందుకే నిన్ను నమ్మాం. నెగటివ్ అంటే గ్యారంటీ కాదురా అన్నావు. తర్వాత 2022లో 455 మందితో చేసిన డైనమిక్ అనే ట్రయల్‌లో ఈ టెస్ట్ చూసి నిర్ణయించిన వాళ్ళలో 15 శాతం మందికే కీమో ఇచ్చారు, మామూలు పద్ధతిలో 28 శాతం, అయినా రెండేళ్ళకి తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు వరుసగా 93.5, 92.4 శాతం, అంటే దాదాపు సమానం. ఇది డాక్టర్ గారికి చూపిస్తే ఆయన విసుక్కోకుండా కూర్చుని చదివి, చేయిద్దాం అన్నారు. సార్, మీకు చాలా థాంక్స్.

పాథాలజీలో నాన్న గడ్డ ముక్కని భద్రపరిచిన మైనం బ్లాక్ వెతికి సాయంత్రం లోపు చేతిలో పెట్టిన అన్నకి, రక్తం మామూలు ట్యూబుల్లో కాదు కణాలు పగలకుండా ఉంచే వాటిలో తీయాలని కంపెనీతో మాట్లాడి తెప్పించిన తమ్ముడికి, ఆపరేషన్ రోజు రాత్రి రెండింటికి వచ్చి రక్తం ఇచ్చిన ఇద్దరు స్టూడెంట్స్‌కి, మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలీట్లేదు. ఆపరేషన్ అయిన వెంటనే తీస్తే గాయం వల్ల మామూలు డీఎన్ఏ ఎక్కువుండి కలగాపులగం అవుతుందని నాలుగు వారాలు ఆగమని చెప్పింది కూడా ఆ తమ్ముడే, లేకపోతే మేం కంగారులో ముందే ఇచ్చేసేవాళ్ళం.

డాక్టర్ గారు ప్రస్తుతానికి కీమో వద్దన్నారు. మూడు నెలలకోసారి సీఈఏ అనే రక్తపరీక్ష, మధ్యలో సీటీ స్కాన్, ఏడాదికి కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా పెట్టి చూడటం). ఇలాంటి పరిస్థితిలో ఎవరైనా ఉంటే బ్లాక్ ఎలా అడగాలో, ఏ ట్యూబులో నేను చెప్తాను, మొహమాటపడకండి. వైద్యం సంగతి మాత్రం మీ డాక్టర్‌నే అడగండి.

అక్కా, నాన్న నీకు జాకెట్టు కుట్టి పంపిస్తారట, కొలతలు పెట్టు.